చెట్టు మీది చింతపండు: ఒక అటవీ కార్బన్ శిక్షణ కేస్ స్టడీ

తూర్పు కనుమల ఏజెన్సీలో ఒకే కొండను ఆనుకుని ఉన్న మూడు ఊళ్ల కేసు ఇది. ఊళ్ల పేర్లు, మండలం, మా సంస్థ, డబ్బిచ్చిన దాత, ఒప్పందం పట్టుకొచ్చిన కంపెనీ, ఇవేవీ రాయడం లేదు. మనుషుల ఆనవాళ్లు కొన్ని మార్చాను. ఆదివాసులకు, స్వచ్ఛంద సంస్థలకు అటవీ కార్బన్ (చెట్లు దాచుకునే కార్బన్‌ను లెక్కగట్టి డబ్బిచ్చే పద్ధతి) గురించి శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇందులో సగం మా తప్పుల పద్దు.

నేపథ్యం

అడవి నరికివేతను ఆపినవాళ్లకు డబ్బివ్వాలన్న ఆలోచన 2007 బాలి సదస్సుతో ప్రపంచ వాతావరణ చర్చల్లో స్థిరపడింది. 2010లో కాంకూన్‌లో దీనికి 7 రక్షణ నియమాలు పెట్టారు. ఆదివాసుల హక్కులను, వాళ్ల జ్ఞానాన్ని గౌరవించాలని ఒకటి, వాళ్లకు పూర్తి భాగస్వామ్యం ఉండాలని మరొకటి. ఈ ఏర్పాటుకే రెడ్ ప్లస్ అని పేరు. 2018లో మన దేశం కూడా జాతీయ రెడ్ ప్లస్ వ్యూహాన్ని ప్రకటించింది. భాగస్వామ్యం కావాలంటే ముందు తెలియాలి కదా అని ‘సామర్థ్యాల పెంపు’ పేరుతో శిక్షణలకు నిధులు రావడం మొదలైంది. మాలాంటి సంస్థలు బతికేది ఆ పద్దు మీదే. దాచుకోవడానికేం లేదు.

మూడు ఊళ్లూ కలిపితే 130 గడపలు దాటవు. ఎక్కువమంది కొండరెడ్లు, ఒక ఊళ్లో కొన్ని కోయ కుటుంబాలు. వాలు మీద పోడు కొట్టి చోడి, సామ, కంది వేస్తారు. కొంత నేలకు 2006 అటవీ హక్కుల చట్టం కింద వ్యక్తిగత పట్టాలు వచ్చాయి. వాటిలో జీడిమామిడి ఉంది. మిగతాదంతా కొండే ఇస్తుంది: చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకు, కరక్కాయ, జీలుగు కల్లు.

ఆ కొండ ఎవరిది అన్న ప్రశ్నకు మాత్రం మూడు జవాబులు ఉండేవి. ఫారెస్టోళ్ల లెక్కలో అది రిజర్వు ఫారెస్టు. ఊరి అంచున తుప్పుపట్టిన బోర్డు మీద అది వన సంరక్షణ సమితిది. ఊళ్లో పెద్దలను అడిగితే, ఏ వాగు దగ్గర తమ కొండ ఆగి పక్క ఊరివాళ్ల కొండ మొదలవుతుందో చెయ్యి చాపి చూపిస్తారు.

ఈ సమితుల కథ కొంచెం చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఊరివాళ్లూ అటవీ శాఖా కలిసి అడవిని చూసుకునే ఉమ్మడి అటవీ యాజమాన్యంతో అవి పుట్టాయి. 2002 నుంచి ప్రపంచబ్యాంకు అప్పుతో నడిచిన ప్రాజెక్టులో బలపడ్డాయి, అప్పు అయిపోగానే నీరసించాయి. అయినా కాగితం మీద బతికే ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభకు రావాల్సిన సామూహిక హక్కు పత్రాలను మన రాష్ట్రంలో పలుచోట్ల ఈ సమితుల పేరు మీద ఇచ్చారని ఆ చట్టం అమలును పరిశీలించిన సక్సేనా కమిటీ 2010లోనే తప్పుపట్టింది. మేం వెళ్లిన ఊళ్లలో అదీ జరగలేదు, ఇదీ జరగలేదు. సామూహిక హక్కుకు దరఖాస్తే పెట్టలేదు.

వచ్చిన సమస్య

ఒక వేసవిలో కంపెనీ మనుషులు రెండు కాగితాలతో వచ్చారు. మొదటిది విడివిడిగా రైతులతో: పట్టా నేలలో మొక్కలు ఉచితంగా నాటుతాం, పండ్లు మీవి, చెట్టు పీల్చుకున్న కార్బన్ మాది, అందులో మీకూ వాటా ఇస్తాం. రెండోది వన సంరక్షణ సమితి అధ్యక్షుడితో: కొండను కాపాడండి, అందుకు ఊరికి డబ్బు. రెండింటికీ గడువు 40 ఏళ్లు.

మమ్మల్ని పిలిచింది ఊరివాళ్లు కాదు, ఈ సంగతి ముందు చెప్పాలి. అప్పటికే మా దగ్గర ఒక దాత ఇచ్చిన శిక్షణ ప్రాజెక్టు ఉంది. ‘అటవీ కార్బన్ కార్యక్రమాలపై 300 మంది ఆదివాసులకు అవగాహన’ అన్నది లక్ష్యం. ఎక్కడ చేద్దామా అని వెతుకుతుంటే ఈ కంపెనీ వార్త చెవిన పడింది. అవసరం ఉన్న చోటికే వెళ్తున్నాం అనుకున్నాం.

మొదట ఏం చేశాం, ఎందుకు చేశాం

ఒక్కో ఊరి నుంచి పదిమందిని ఎంచి పట్నంలో మూడు రోజుల శిక్షణ పెట్టాం. వార్డు సభ్యులు, సమితి అధ్యక్షులు, ఇంటర్ దాకా చదివిన కుర్రాళ్లు, డ్వాక్రా సంఘం లీడర్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు. అప్పట్లో మా వాదన ఇది: 130 గడపలకూ చెప్పడం మా వల్ల కాదు, ముప్ఫై మందికి బాగా చెబితే వాళ్లు ఊళ్లో చెబుతారు. చేతిలో ఉన్నది ఆరు నెలలు. ఈ లెక్క ఇప్పటికీ చాలా ప్రాజెక్టు పత్రాల్లో కనిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది.

పుస్తకం ఒక అంతర్జాతీయ శిక్షణ పుస్తకానికి తెలుగు అనువాదం. ‘హరితగృహ వాయు ఉద్గారాలు’, ‘కర్బన స్థిరీకరణ’, ‘ఆధార రేఖ’. ఆ తెలుగు నాకే రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. మూడో రోజు పరీక్ష పెడితే మార్కులు బాగా పెరిగాయి. సర్టిఫికెట్లు ఇచ్చాం, ఫొటోలు దిగాం, భోజనాల బిల్లులు సర్దుకున్నాం.

ఎక్కడ చెడింది

మూడు తీర్లుగా చెడింది.

ఒకటి, ఊళ్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పిన ఒకరిద్దరు ‘గాలి అమ్ముకోవచ్చంట’ అని చెప్పారు. ఆ మాట నెలలోపు ‘గాలి అమ్మేస్తే రేపు ఊపిరికీ డబ్బు కట్టాలంట’ అయింది. నవ్వొస్తుంది గానీ, ఆ మాట పుట్టించినవాళ్లు మాకన్నా ఒక అడుగు ముందే ఉన్నారని తర్వాత అనిపించింది. అమ్మిన వస్తువు మీద అధికారం పోతుందన్న సంగతి వాళ్లు పట్టుకున్నారు. మా స్లైడ్లలో అది లేదు.

రెండు, శిక్షణలో అందరికన్నా చురుగ్గా ఉన్న కుర్రాడు రెండు నెలలకల్లా కంపెనీ ఏజెంటు అయ్యాడు. ఎకరాకింత కమీషన్. మేం ఇచ్చిన సర్టిఫికెట్‌నే ఊళ్లో చూపించి నమ్మకం తెచ్చుకున్నాడు. అతన్ని తప్పుపట్టను. ఉద్యోగం లేని కుర్రాడికి కొత్త విద్య నేర్పాం, దాన్ని కొనేవాడు ఊళ్లోనే తిరుగుతున్నాడు. అతను దాన్ని ఎవరికి అమ్ముతాడన్నది మేం ఆలోచించుకోవాల్సింది.

మూడోది మాకు నిద్ర లేకుండా చేసింది. ఊళ్లలో పెట్టిన చిన్న మీటింగుల హాజరు పట్టీలు మా ఫైల్లో ఉంటాయి కదా, అడిగినవాళ్లకు జిరాక్సులు ఇచ్చేవాళ్లం. పారదర్శకత అనుకున్నాం. కొన్ని నెలలకు ఆ కంపెనీ ప్రాజెక్టు పత్రం ఒకటి చేతికొచ్చింది. ‘స్థానికులతో సంప్రదింపుల రుజువులు’ అన్న అనుబంధంలో మా పట్టీలు ఉన్నాయి. వేలిముద్రల పక్కన మా ఫీల్డు కార్యకర్త చేతిరాత. పైన శీర్షిక మాత్రం వేరే. మేం వేయించిన హాజరు వాళ్లకు సమ్మతి అయి కూర్చుంది.

ఒక రాత్రంతా ఆఫీసులో ఇదే గొడవ. ఉత్తరం రాద్దామని కొందరు, పత్రికలకు ఇద్దామని కొందరు. చివరికి ఉత్తరం రాశాం, ఆ పట్టీలు తీసేశామని జవాబూ వచ్చింది. కానీ మాలో ఒకరు అడిగిన ప్రశ్న అలాగే మిగిలింది: ‘వాళ్లు తీసేశారు సరే, ఊళ్లో ఒక్కరికైనా ఆ పేజీ చూసి ఇది సమ్మతి కాదని చెప్పే వీలుందా?’ లేదు. మేం పెంచామనుకున్న సామర్థ్యం కార్బన్ గురించి తెలియడం. వాళ్లకు కావాల్సింది కాగితాన్ని ఆపగల బలం. ఈ రెంటికీ చుట్టరికం తక్కువ.

ఆ రోజు నుంచి మా ప్రతి హాజరు పట్టీలో ప్రతి పేజీకీ పైన పెద్ద అక్షరాలతో అచ్చు వేయిస్తున్నాం: ‘ఇది మీటింగుకు వచ్చినవాళ్ల పట్టిక మాత్రమే. దేనికీ ఒప్పుకోలు కాదు.’ ఈ వ్యాసం నుంచి ఒక్కటి తీసుకెళ్లాలంటే ఈ వాక్యం తీసుకెళ్లండి. ఖర్చు లేదు.

శిక్షణ ఆపి హద్దు నడవడం

అప్పుడు తీసుకున్న నిర్ణయం మా దాతకు మింగుడుపడలేదు. కార్బన్ శిక్షణ పూర్తిగా ఆపేసి, ముందు సామూహిక అటవీ వనరుల హక్కుకు ఫారం-సి దరఖాస్తు చేయించుదామన్నాం. కొండ తమదని కాగితం మీద చూపించలేనివాళ్లు ఆ కొండ మీద బేరం ఆడలేరు. అటవీ హక్కుల చట్టంలో కార్బన్ అన్న మాట ఎక్కడా లేదు. కానీ కొండను కాపాడే, నిర్వహించే హక్కు 3(1)(ఐ) సెక్షన్ కింద గ్రామసభకు ఉంది. కాపాడే హక్కు ఎవరిదో, కాపాడినందుకు వచ్చే డబ్బు గురించి మాట్లాడాల్సింది వాళ్లే. వన సంరక్షణ సమితి అధ్యక్షుడి సంతకం చాలన్న మాటకు ఇదే సూటి జవాబు.

ఎదురు వాదన కూడా మా ముందుంది. హక్కు పత్రం రావడానికి ఏళ్లు పడుతుంది. ఆలోగా కంపెనీ రైతులను విడివిడిగా పట్టుకుంటుంది. అది జరిగింది కూడా, చెబుతాను. అయినా వేరే దారి కనిపించలేదు.

‘1/70 ఉందిగా సారూ, మన భూమి ఎవడూ పట్టుకుపోలేడు’ అని ఊళ్లో గట్టి నమ్మకం. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం మీద, ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదన్న 1997 సమత తీర్పు మీద ఏజెన్సీలో ఎవరికైనా ఉండే నమ్మకమే అది. చిక్కేమిటంటే కంపెనీ కాగితం భూమి అడగడం లేదు. భూమి మీదే, పట్టా మీదే, కానీ 40 ఏళ్లు దాని మీద ఏం చేయాలో మేం చెబుతాం అంటోంది. పాత ఆయుధం గురిపెట్టిన వైపు నుంచి కొత్త మనిషి రావడం లేదు. దీన్ని ఒప్పించడానికి మాకు చాలా రోజులు పట్టింది.

హద్దు నడక పదకొండు రోజులు సాగింది. ముగ్గురు ముసలాళ్లు ముందు నడిచారు. వాళ్లు చెబుతుంటే కుర్రాళ్లు రాసుకున్నారు, జీపీఎస్ పట్టుకున్నది మావాళ్లు. పెద్దల నోటిమాటను రాసి రుజువుగా పెట్టొచ్చని చట్టం నియమాల్లోనే ఉంది. ఈ సంగతి తెలిశాక ఆ ముసలాళ్ల నడక మారిపోయింది. ఒక రాయి దగ్గర ఆగి, అక్కడ ఏ పండగకు ఏం పెడతారో చెప్పడానికి ఒక తాత పూట గడిపాడు. నాలుగో రోజు పక్క ఊరి పెద్దలను పిలిచి వాగు దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ ఒక తగువు బయటపడింది, మధ్యాహ్నానికి సగం తీరింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

ఈ నడకలోనే కంపెనీ పటం తప్పు దొరికింది. ఉపగ్రహ పటంలో ఒక వాలును ‘క్షీణించిన అడవి’ అని రంగు వేశారు. అది మూడేళ్ల కింద విడిచిన పోడు. కొన్నేళ్లు సాగుచేసి, నేలకు ఊపిరాడాలని వదిలేసి, చెట్టు మళ్లీ ఎదిగాక వంతు వచ్చినప్పుడు తిరిగి కొడతారు. పటం లెక్కలో అది పాడైన అడవి. మళ్లీ పచ్చబడితే ఆ పచ్చదనం ప్రాజెక్టు పుణ్యం. తిరిగి పోడు కొడితే ఒప్పందం ఉల్లంఘన. ఇదంతా నేను వివరించాక హద్దు చెబుతున్న తాత అడిగింది ఒక్కటే: ‘అది మా అన్న పోడు. వాడి వంతు ఎప్పుడో ఈ పటానికి తెలుసా?’

తాడుకు ముడి

హద్దు అయ్యాక చెట్లను కొలిచాం. ఇక్కడ కూడా ముందు తప్పు అడుగే వేశాం. ఫోన్ యాప్ తెచ్చాం. దాంతో ఫోన్ ఉన్న నలుగురు కుర్రాళ్లు మళ్లీ ‘తెలిసినవాళ్లు’ అయ్యారు, మిగతావాళ్లు చుట్టూ నించుని చూశారు. ఏజెంటు కథ కళ్ల ముందు ఉంది కాబట్టి రెండో రోజే యాప్ పక్కనపెట్టాం.

దాని బదులు ఒక కర్ర, ఒక తాడు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తు దగ్గర కర్రకు గాటు పెట్టాం. మన దేశంలో ఫారెస్టువాళ్లు చెట్టు చుట్టుకొలత తీసే ఎత్తు అదే. వాలు మీద చెట్టయితే ఎగువ వైపు నించుని కొలవాలి. 31.6 మీటర్ల పొడవు తాడుతో నాలుగు పక్కలా చదరం గీస్తే అందులో పదో వంతు హెక్టారు పడుతుంది. చదరంలోని చెట్లన్నీ కొలవాలి. చెట్టు పేరు చెప్పేది ఆడవాళ్లు, టేపు పట్టేది పిల్లలు, అంకె రాసేది ఎవరికి అక్షరం వస్తే వాళ్లు. చెట్లకు ఊళ్లో ఉన్న పేర్లన్నీ మా జాబితాలో లేవని మొదటి గంటలోనే తేలింది.

ఒక చెట్టు లెక్క రచ్చబండ మీద సుద్దముక్కతో వేశాం. చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. 3.14తో భాగిస్తే అడ్డుకొలత 30. ఎత్తు 15 మీటర్లు అనుకుందాం, కలప మరీ గట్టిదీ కాదు, మెత్తదీ కాదు. ఉష్ణమండల అడవులకు వాడే సూత్రం ప్రకారం నేలపైన ఉన్న చెట్టు ఎండు బరువు సుమారు 440 కిలోలు. అందులో సగానికి కాస్త తక్కువ, అంటే 0.47 వంతు కార్బన్. దాదాపు 207 కిలోలు. దాన్ని 3.67తో హెచ్చవేస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్క వస్తుంది, 760 కిలోలు. కంపెనీ అమ్ముకునే ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ‘అంటే ఇంత చెట్టుకు ఒక్కటీ రాదన్నమాట’ అన్నాడు వెనక నుంచి ఒకాయన. గుసగుసలు మొదలయ్యాయి. ఏజెంటు చెప్పిన ఎకరా లెక్కకూ దీనికీ పొంతన కుదరక అక్కడే నలుగురు లెక్క మళ్లీ వేశారు.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్నను నేను ఏ శిక్షణలోనూ వినలేదు. ఉన్న చెట్టుకు డబ్బు రాదని, కొత్తగా ఎదిగినదానికో, నరకబోయి ఆపినదానికో మాత్రమే వస్తుందని చెప్పాను. దేవర కొండ పక్కన ఇల్లున్న ఒక మామ్మ లేచింది.

‘మేం ఎప్పుడూ గొడ్డలెట్టని కొండకి పైసా రాదా బాబూ?’

‘రాదు మామ్మా.’

‘నరికేత్తామని బెదిరిత్తే వత్తదా?’

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అవును, లెక్క దాదాపు అలాగే నడుస్తుంది. ముప్పు ఉందని చూపించిన అడవికే ధర. ప్రపంచవ్యాప్తంగా ఈ పద్ధతి మీద ఉన్న పెద్ద విమర్శ కూడా ఇదే. నేను ఆ మాటే చెప్పాను. సర్ది చెప్పబోతే ఆ రోజుతో మా మాట చెల్లకుండా పోయేదని ఇప్పుడూ అనుకుంటున్నాను.

సాయంత్రానికి ఒక్క షరతు

ఒప్పందం 23 పేజీలు, ఇంగ్లిష్‌లో. ముందు మొత్తం తెలుగు చేయించి పంచుదామనుకున్నాం. ఆ అనువాదం నేనే చదివి పక్కనపెట్టాను. తెలుగు లిపిలో ఉన్న ఇంగ్లిష్ అది. దాని బదులు సాయంత్రానికి ఒక్క షరతు చొప్పున నోటితో చెప్పాలని, ఊరివాళ్లకు ముందే తెలిసిన బేరంతో పోల్చి చెప్పాలని నిర్ణయించాం.

పోలిక మేం కనిపెట్టలేదు, వాళ్లే ఇచ్చారు. వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయినప్పుడు షావుకారు బియ్యమో డబ్బో ఇచ్చి, రాబోయే చింతపండును చెట్టు మీదే కొనేస్తాడు. కాపు వచ్చేసరికి సంతలో ధర ఎంతున్నా పండు అతనిది. ఇలా నష్టపోని ఇల్లు ఆ ఊళ్లలో లేదు. ఒక డ్వాక్రా లీడరు లేచి, ‘ఇది చెట్టు మీది చింతపండే, కాకపోతే 40 కాపులు’ అంది. మాకు నెలల తరబడి దొరకని వాక్యం అది.

అక్కడి నుంచి షరతులు వాటంతట అవే విప్పుకున్నాయి. ‘ఖర్చులు పోను మిగిలిన లాభంలో వాటా’ అన్న చోట ఆగిపోయారు. ఎవరి ఖర్చులు, ఆ పద్దు ఎవరు రాస్తారు, మనం చూడొచ్చా? షావుకారు పద్దుతో కాలినవాళ్లకు ఈ ప్రశ్న చెప్పివ్వక్కర్లేదు. ‘ధర పెరిగితే?’ ‘చెట్టు తగలబడితే మనం తిరిగి కట్టాలా?’ ‘నేను చచ్చిపోతే నా కొడుకు ఈ కాగితానికి కట్టుబడాలా?’ అటవీ హక్కు పట్టా వారసులకు వస్తుంది, అమ్మకూడదు, బదిలీ చేయకూడదు అని చట్టం 4(4) చెబుతుంది. వారసులకు వచ్చే నేల మీద ఒకతను పెట్టిన వేలిముద్ర ఆ వారసులను ఎంతవరకు కట్టేస్తుందో లాయరును అడగాలని వాళ్లే రాయించారు.

ఫిర్యాదుల షరతు వచ్చిన రోజు సరదాగా గడిచింది. ఫిర్యాదులుంటే టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయాలి. ఆ ఊళ్లో సిగ్నల్ అందేది పై మలుపు దగ్గర రాతి మీద ఎక్కితేనే. ఒక కుర్రాడు రాత్రిపూట టార్చి పట్టుకుని వెళ్లి ఎక్కి చేశాడు. ఇంగ్లిష్ అయితే ఒకటి నొక్కమని, హిందీ అయితే రెండు నొక్కమని చెప్పిందట.

ఈ చదువు గ్రామసభలో జరగలేదన్నది గమనించాలి. ఆరుగురిని, అందులో ముగ్గురు ఆడవాళ్లను, మహారాష్ట్ర గడ్చిరోలిలోని మెంఢా లేఖా ఊరు చూపించడానికి తీసుకెళ్లాం. 2009లో సామూహిక అటవీ హక్కు పత్రం తెచ్చుకున్న ఊరు అది. 2011లో వెదురు అమ్ముకునే అధికారం కూడా గ్రామసభే చేతపట్టుకుంది. అక్కడ మావాళ్లను కట్టేసింది వెదురు కాదు. ఆ ఊళ్లో చదువుకోవడానికి ఒక కూటమి, నిర్ణయానికి గ్రామసభ, రెండూ వేరు. కూటమిలో ఎంతైనా వాదించుకోవచ్చు, ఎవరూ దేనికీ కట్టుబడరు. తిరిగి వచ్చాక మావాళ్లు అదే పెట్టుకున్నారు. కూటమిలో సంతకాలు, వేలిముద్రలు ఉండవు. హాజరు కూడా వద్దన్నారు. దాతకు లెక్క చూపించడం నాకు కష్టమైంది గానీ వాళ్ల మాటే సరి.

ఆడవాళ్ల సంగతి. మగవాళ్ల అసలు మీటింగు జీలుగు చెట్ల కింద జరుగుతుంది. గ్రామసభకు వచ్చేసరికి అంతా తేలిపోయి ఉంటుంది. 2012 సవరణ ప్రకారం అటవీ హక్కుల గ్రామసభకు సగంమంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కోరం నిండడానికి ఆడవాళ్లను చివర్లో పిలిచి కూర్చోబెట్టడం అలవాటు. అందుకని షరతుల చదువు ముందు ఆడవాళ్ల దగ్గర, అడ్డాకులు కుట్టే వేళలో మొదలుపెట్టాం. జీలుగు చెట్టు కిందికి ఆ ప్రశ్నలు ఇళ్ల మీదుగా చేరాయి.

దాతతో బేరం

ఈలోగా మా దగ్గర 300 మంది లెక్క పూర్తి కాలేదు. లక్ష్యాన్ని మార్చమని అడిగాం: శిక్షణ పొందినవారి సంఖ్య బదులు, గ్రామసభ తనంతట తాను అడిగిన ప్రశ్నలు, వాటిలో జవాబు వచ్చినవి ఎన్ని అని. ప్రాజెక్టు అధికారి మంచి మనిషి, కానీ ఆమె పైన ఇంకో పట్టిక ఉంది. చివరికి రెండూ ఉంచారు. మిగతా సంఖ్య కోసం సంతలో రెండు అవగాహన సభలు పెట్టి లెక్క నింపాం. అది వృథా ఖర్చని రిపోర్టులో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఏమైంది

మొదటి కాగితం వచ్చిన పంతొమ్మిది నెలలకు మూడు ఊళ్ల గ్రామసభలు విడివిడిగా కూర్చున్నాయి. 2013లో ఒడిశాలోని నియమగిరిలో 12 పల్లెసభలు ఒక్కొక్కటిగా కూర్చుని బాక్సైట్ తవ్వకాన్ని కాదన్న సంగతి మా పెద్దల్లో ఒకరికి తెలుసు. ‘వాళ్లు ఊరికో సభ పెట్టుకున్నారు, మనమూ అంతే’ అన్నాడు. మండల కేంద్రంలో ఉమ్మడి సభ పెడదామని వచ్చిన సలహా అక్కడితో ఆగింది.

రెండు ఊళ్లు కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. షరతులు పెట్టాయి. విడిచిన పోడును పటం నుంచి తీయాలి. గడువు 10 ఏళ్లే, ఆ తర్వాత మళ్లీ అడగాలి. సామూహిక హక్కు పత్రం వచ్చాకే కొండ గురించి మాట. డబ్బు గ్రామసభ ఖాతాకే, సమితి ఖాతాకు కాదు. ఖర్చుల పద్దు ఏడాదికోసారి ఊళ్లో చదివి వినిపించాలి. కంపెనీ ఆలోచించి చెబుతామంది. ఇంకా చెప్పలేదు.

మూడో ఊళ్లో పద్నాలుగు కుటుంబాలు పట్టా నేలకు అంతకుముందే సంతకాలు చేశాయి. మేం హద్దు నడుస్తూ ఉన్న నెలల్లో జరిగిందది. ముందే భయపడిన నష్టం ఇదే, తప్పించలేకపోయాం. మొక్కలు వచ్చాయి, సగం బతికాయి. డబ్బు ఇంకా రాలేదు. ఆ కుటుంబాల్లో కొందరు మామీద కోపంగా ఉన్నారు, మా వల్లే కంపెనీ వెనక్కి తగ్గిందని. వాళ్ల కోపంలో నిజం ఎంతో తేల్చే కొలత నా దగ్గర లేదు.

ఫారం-సి దరఖాస్తులు మూడూ డివిజన్ స్థాయి కమిటీకి వెళ్లాయి. ఒకటి సర్వే లేదని వెనక్కి వచ్చింది. వాగు తగువు మిగిలిన సగం అక్కడ అడ్డం పడింది.

మళ్లీ చేయాల్సి వస్తే

హద్దుతోనే మొదలుపెడతాను, కార్బన్ పేరు ఎత్తకుండా. పట్టా రైతుల దగ్గరికి మాత్రం మొదటి వారంలోనే వెళ్తాను. ఊరంతటి పనిలో మునిగి విడి రైతును వదిలేయడం మా పెద్ద పొరపాటు. చురుకైన కుర్రాడికి మూడు రోజుల శిక్షణ ఇచ్చి వదిలేయకుండా, ఊరి కూటమికి రాతగాడిగా ఏడాదిపాటు కూలి కట్టిస్తాను. దానికయ్యే ఖర్చు పట్నం శిక్షణకు తీసుకున్న హోటల్ హాలు అద్దెకు మించదు. ఊరి తరఫున ఒప్పందం చదివే లాయరు ఫీజును బడ్జెట్‌లో మొదటి పద్దుగా పెడతాను. మేం దాన్ని చివర్లో, మిగిలిన డబ్బుతో చేశాం.

శిక్షణ ఇచ్చే సంస్థ తన గడువును ఊరి మీద రుద్దకూడదన్నది తెలిసిన మాటే. తెలిసి కూడా రెండుసార్లు రుద్దాం. ప్రాజెక్టు ముగిసే నెలలో సభ పెట్టించాలని చూశాం, అది జీడి కోతల నెల. మామ్మ తిట్టింది. సభ రెండు నెలలు వెనక్కి వెళ్లింది, మేం పొడిగింపు అడుక్కున్నాం.

మొన్న చలికాలంలో ఇంకో కంపెనీ మనిషి మొదటి ఊరికి వచ్చాడట. మేం అప్పటికి లేము, ప్రాజెక్టు అయిపోయింది. ఊరి కూటమిలోని కుర్రాడొకడు ఫోన్‌లో చెప్పాడు: పై మలుపు రాతి మీద నుంచే మాట్లాడుతున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది. వచ్చినాయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చారట, కాగితం తీసుకున్నారట, తెలుగులో నోటితో చెప్పగలిగే మనిషిని తీసుకుని మళ్లీ రమ్మన్నారట. సంతకం అడిగితే సంత తర్వాత చెబుతామన్నారట.

‘ఏ సంత అని అడగలేదా ఆయన?’ అన్నాను.

‘అడగలేదు సార్’ అన్నాడు.